మెదడు కణజాలంలో హెర్వ్-కె ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా కనిపిస్తే, ఆ రెట్రోవైరస్ జన్యువు మేల్కొన్నట్లేనా?

ప్రశ్న – పరిశోధక విద్యార్థిని

నమస్కారం. నేను నాడీకణాలు క్షీణించే వ్యాధులపై పరిశోధన చేస్తున్నాను. మరణానంతరం దానంగా అందిన మెదడు నమూనాల నుంచి రాబట్టి, ఇతర పరిశోధకులు కూడా వాడుకొనేలా అందుబాటులో ఉంచిన ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ సమాచారాన్ని కొన్ని నెలలుగా తిరిగి విశ్లేషిస్తున్నాను. మానవ జీనోమ్‌లో దాదాపు 8 శాతం ప్రాచీన రెట్రోవైరస్‌ల (తమ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి కణం క్రోమోజోమ్‌లో అతికించే వైరస్‌ల) అవశేషాలేననీ, ప్రొటీన్లకు సంకేతమిచ్చే భాగం 2 శాతమైనా ఉండదనీ తెలిసిన నాటి నుంచి, ఆ అవశేషాలు మెదడులో ఏం చేస్తున్నాయన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

నా విశ్లేషణలో, వ్యాధిగ్రస్తుల మస్తిష్క వల్కలంలో (మెదడు పై పొరలో) ఆ అవశేషాలలో ఒకటైన హెర్వ్-కె కుటుంబానికి చెందిన ఆర్‌ఎన్‌ఏ ఆరోగ్యవంతులలో కంటే ఎక్కువగా కనిపించింది. జీనోమ్‌లో ఒకటి కంటే ఎక్కువ చోట్ల సరిపోలిన రీడ్లను (సీక్వెన్సింగ్‌లో చదివిన చిన్న ముక్కలను) పారవేయడం ఇష్టం లేక, వాటన్నిటినీ కుటుంబం పేరు మీద ఒకే పద్దులో కలిపి లెక్కించాను. ఫలితాన్ని మా బృందానికి చూపించినప్పుడు, వ్యాధి వల్ల రెట్రోవైరస్ నిద్ర లేచిందని ఒకరు, ఇందులో పట్టించుకోవలసినది ఏమీ లేదని మరొకరు అన్నారు. ఇద్దరిలో ఎవరిని కాదనడానికీ నా దగ్గర ఆధారం లేకపోయింది.

మెదడులో హెర్వ్-కె జన్యు వ్యక్తీకరణ పెరిగిందని రాయడానికి ఈ లెక్క సరిపోతుందా? ఏఎల్ఎస్ (కండరాలను కదిలించే నాడీకణాలు క్షీణించే వ్యాధి) విషయంలో 2011, 2015 సంవత్సరాలలో వచ్చిన పత్రాలు పెరుగుదల ఉందంటే, 2019లో వచ్చిన పత్రం దానిని నిర్ధారించలేకపోయామంది. ఒకే కణజాలం గురించి ఇంత భేదం ఎలా వస్తుంది? అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

సమాధానం 1 – జీనోమ్ సమాచార విశ్లేషకుడు

ఆ వాక్యం రాయడానికి మీ లెక్క సరిపోదండీ. మీరు చూసినది లేనిదని నేను అనడం లేదు. ఆర్‌ఎన్‌ఏ జీనోమ్‌లోని ఏ రెట్రోవైరస్ ప్రతి (నకలు) నుంచి వచ్చిందో, ఎక్కడ మొదలై వచ్చిందో తెలియనంతవరకు ఆ పెరుగుదలకు అర్థం చెప్పడం సాధ్యం కాదని మాత్రమే అంటున్నాను.

హెర్వ్-కె అనేది ఒక జన్యువు పేరు కాదు. రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్‌ను (ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ తయారీని) మొదలుపెట్టడానికి లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే టీఆర్‌ఎన్‌ఏను వాడుకొనే సమూహానికి, లైసిన్ సంకేతాక్షరమైన ‘కె’ను బట్టి పెట్టిన పేరది. ట్రిప్టోఫాన్‌ను బట్టి హెర్వ్-డబ్ల్యూ, హిస్టిడిన్‌ను బట్టి హెర్వ్-హెచ్ అలాగే ఏర్పడ్డాయి. హెర్వ్-కెలోనూ చాలా ఉపసమూహాలున్నాయి. సాధారణంగా అందరూ దృష్టిలో పెట్టుకొని మాట్లాడేది హెచ్‌ఎంఎల్-2 గురించి. మన పూర్వీకుల జీనోమ్‌లోకి అన్నిటికంటే చివరగా చేరినది ఇదే కాబట్టి, మార్పులు పోగుపడడానికి తగినంత కాలం గడవక, దీని ప్రతులు ఒకదానినొకటి ఎంతో పోలి ఉంటాయి. హెర్వ్-కె113 వంటి కొన్ని ప్రతులైతే కొందరు మనుషులలో ఉంటాయి, మరికొందరిలో ఆ చోటు ఖాళీగానే ఉంటుంది. పూర్తి ప్రతి ఒక్కొక్కటి సుమారు తొమ్మిదిన్నర వేల అక్షరాల పొడవుంటుంది. రెండు కొసలా ఎల్‌టీఆర్‌లు (ప్రతిలేఖనాన్ని, అంటే డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారీని, మొదలుపెట్టించగల పునరావృత భాగాలు), వాటి నడుమ గ్యాగ్, ప్రో, పోల్, ఎన్వ్ (వైరస్ పై తొడుగు ప్రొటీన్‌కు సంకేతమిచ్చేది) జన్యువులు ఉంటాయి. అయితే జీనోమ్‌లో చాలాచోట్ల ఆ రెండు ఎల్‌టీఆర్‌ల మధ్య పునస్సంయోగం జరిగి, నడిమి భాగమంతా ఊడిపోయి, ఒంటరి ఎల్‌టీఆర్ మాత్రమే మిగిలింది.

ఇంత దగ్గరి పోలికలున్న ప్రతుల మధ్య, 100 లేదా 150 అక్షరాల రీడ్ ఒకటి ఎక్కడిదో చెప్పడమంటే, గోడ అవతల మాట్లాడుతున్న కవలలలో ఎవరి గొంతు వినబడిందో చెప్పడం లాంటిది. చాలా సందర్భాలలో ఒక్క రీడ్‌ను బట్టి చెప్పలేము. కానీ అనేక రీడ్లు కలిసినప్పుడు, ఏ ప్రతికి మాత్రమే చెందిన తేడాలు వాటిలో ఎంత తరచుగా కనిపిస్తున్నాయో చూసి, సందిగ్ధమైన రీడ్లను సంభావ్యతను అనుసరించి పంచవచ్చు. 2019లో వెలువడిన టెలిస్కోప్ అనే సాఫ్ట్‌వేర్ చేసేది ఇదే. దానితో వచ్చే స్థానాల పట్టికలో 60 కుటుంబాలకు చెందిన దాదాపు 15 వేల స్థానాలు గుర్తించి ఉన్నాయి. మీరు ముందుగా దానితో స్థానాల వారీగా లెక్క వేయండి. మొత్తం పెరుగుదల ఒకటి రెండు ప్రతుల నుంచే వచ్చిందా, లేక చాలా ప్రతులు కలిసి పెరిగాయా అన్నది అప్పుడు తేలుతుంది. ఈ రెండూ జీవశాస్త్రపరంగా వేర్వేరు సంగతులు.

స్థానం తెలిసినా పని సగమే అయినట్లు. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నది దీని తరువాతి మెట్టులోనే. రెట్రోవైరస్ ప్రతి ఒక సాధారణ మానవ జన్యువు తాలూకు ఇంట్రాన్‌లో (తుది ఆర్‌ఎన్‌ఏలో మిగలకుండా కత్తిరించివేసే భాగంలో), అదే దిశలో కూర్చొని ఉందనుకోండి. ఆ జన్యువు ప్రతిలేఖనం జరిగిన ప్రతిసారీ, స్ప్లైసింగ్ (ఇంట్రాన్లను కత్తిరించివేయడం) పూర్తికాని ఆర్‌ఎన్‌ఏలో ఈ రెట్రోవైరస్ భాగం కూడా ప్రయాణికుడిలా వస్తుంది. సీక్వెన్సింగ్ పట్టికలో దానికీ సొంత అంకె వస్తుంది గాని, తన ఎల్‌టీఆర్ నుంచి అది స్వయంగా ప్రతిలేఖనం మొదలుపెట్టలేదు. నాడీకణాలలో చురుకుగా ఉండే జన్యువులలో చాలావాటికి ఇంట్రాన్లు ఎంతో పొడవుగా ఉంటాయి కాబట్టి, మెదడులో ఈ చిక్కు మరీ ఎక్కువ. పాలీ-ఏ తోకను (పూర్తయిన ఆర్‌ఎన్‌ఏ చివర ఉండే ‘ఏ’ అక్షరాల వరుసను) పట్టి ఎంచిన నమూనాలలో కంటే, రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏను మాత్రమే తొలగించిన నమూనాలలో ఇంట్రాన్ రీడ్లు అధికం. విడివిడి కేంద్రకాలను తీసుకొని చేసిన సీక్వెన్సింగ్‌లోనూ ఇదే పరిస్థితి. కనుక మీ సమాచారం ఏ విధంగా తయారైందో ముందుగా చూడండి.

ఏఎల్ఎస్‌లో దీనికి ఇంకొక మెలిక ఉంది. ఆ వ్యాధిలో టీడీపీ-43 ప్రొటీన్ కేంద్రకాన్ని విడిచిపోయి స్ప్లైసింగ్ దెబ్బతింటుంది. స్ప్లైసింగ్ దెబ్బతిన్న కణంలో, ఏ రెట్రోవైరస్ మేల్కొనకపోయినా, ఇంట్రాన్‌లోని ప్రతుల లెక్క పెరగవచ్చు.

పరీక్షించే మార్గం కష్టమైనది కాదు. మీరు గుర్తించిన ప్రతిని జీనోమ్ బ్రౌజర్‌లో తెరిచి, దాని ముందు ఎల్‌టీఆర్‌కు ఎగువన కూడా రీడ్లు ఎడతెగకుండా పరచుకొని ఉన్నాయేమో కళ్లారా చూడండి. అలా ఉంటే అది ప్రయాణికుడే. రీడ్లు ఎల్‌టీఆర్ లోపల హఠాత్తుగా మొదలైతే, ప్రతిలేఖనం ఆరంభస్థానాలను గుర్తించే కేజ్ సమాచారం కూడా అక్కడే గురుతు చూపితే, అప్పుడు సొంత వ్యక్తీకరణ గురించి మాట్లాడవచ్చు. పొడవైన రీడ్లనిచ్చే సీక్వెన్సింగ్ దొరికితే సందేహం చాలావరకు తీరుతుంది.

సమాధానం 2 – మెదడు నమూనాలతో పనిచేసే ప్రయోగశాల పరిశోధకుడు

పై సమాధానంతో ఏకీభవిస్తూ, పత్రాల మధ్య భేదం ఎక్కడి నుంచి వస్తుందన్న మీ రెండవ ప్రశ్న గురించి నాకు తెలిసినది చెబుతాను.

మీరు ఫలితాన్ని పీసీఆర్‌తో (జన్యు ముక్కను పదేపదే నకలు చేసి కొలిచే పద్ధతితో) నిర్ధారించాలనుకుంటే, ఒక ప్రమాదాన్ని ముందే తెలుసుకోవాలి. సాధారణ జన్యువును కొలిచేటప్పుడు ప్రైమర్లను (ఆ నకలును మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలను) రెండు ఎక్సాన్లలో (తుది ఆర్‌ఎన్‌ఏలో మిగిలే భాగాలలో) పెట్టుకొని, డీఎన్‌ఏ నుంచి వచ్చే సంకేతాన్ని తప్పించుకోగలము. రెట్రోవైరస్ ఎన్వ్ జన్యువు లోపల ఆ వెసులుబాటు లేదు; ఆర్‌ఎన్‌ఏ నుంచీ డీఎన్‌ఏ నుంచీ వచ్చే ముక్క ఒకే పొడవుంటుంది. ఒక్కో కణంలో ఆ జన్యువును పోలిన డీఎన్‌ఏ ప్రతులు అనేకం ఉన్నందువల్ల, ఆర్‌ఎన్‌ఏలో లవలేశం డీఎన్‌ఏ మిగిలినా యంత్రం దానిని ‘వ్యక్తీకరణ’గానే చూపిస్తుంది. డీఎన్‌ఏను కరిగించే ఎంజైమ్‌తో శుద్ధి చేయడం, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్) కలపని నియంత్రణ నమూనాను ప్రతి మెదడుకూ విడిగా నడపడం తప్పనిసరి. ఇవి స్పష్టంగా రాయని పత్రాన్ని నేను ఆధారంగా తీసుకోను.

రెండవది కణాల నిష్పత్తి. వ్యాధి వచ్చిన వల్కలంలో నాడీకణాలు తగ్గి, ఆస్ట్రోసైట్లు, మైక్రోగ్లియా అనే గ్లియా కణాలు (నాడీకణాలకు తోడుగా ఉండేవి) పెరుగుతాయి. ముద్దగా నూరిన కణజాలంలో, గ్లియా కణాలలో సహజంగానే ఎక్కువగా ఉండే ఏ ఆర్‌ఎన్‌ఏ అయినా ‘పెరిగినట్లు’ కనిపిస్తుంది. నిజానికి ఏ ఒక్క కణంలోనూ ఏమీ మారి ఉండకపోవచ్చు. నమూనాను కోసిన చేయి కాస్త లోతుకు వెళ్లి తెల్లపదార్థం ఎక్కువ కలిసినా ఇదే జరుగుతుంది. మరణానికి, మెదడును భద్రపరచడానికి మధ్య గడిచిన సమయం, కణజాలం ఆమ్లత్వం, ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందన్న కొలత, చివరి రోజులలో రోగి వెంటిలేటర్ మీద ఉన్నారా లేదా అన్నది, వీటన్నిటి ప్రభావం రెండు గుంపులలోనూ సమానంగా ఉందో లేదో చూడకుండా పోల్చకూడదు.

ప్రొటీన్ మాట వేరు. ఆర్‌ఎన్‌ఏ ఉన్నంత మాత్రాన ప్రొటీన్ ఉందనుకోవడానికి లేదు, ఎందుకంటే చాలా ప్రతులలో అడ్డంగా వచ్చిన ముగింపు సంకేతాలు జన్యువును మధ్యలోనే ఆపివేస్తాయి. యాంటీబాడీతో రంగు వేసిన చిత్రం ఒక్కటే చూపిస్తే నాకు నమ్మకం కుదరదు. మాస్ స్పెక్ట్రోమెట్రీలో (అణువులను వాటి ద్రవ్యరాశిని బట్టి గుర్తించే పద్ధతిలో) ఆ ప్రొటీన్ ముక్కలు దొరకాలి.

సమాధానం 3 – ఒక పాఠకుడు

నేను శాస్త్రవేత్తను కాను. మా అన్నయ్యకు ఏఎల్ఎస్ ఉన్నట్లు నిర్ధారణ అయింది. ఈ వ్యాధిలో రెట్రోవైరస్ పాత్ర ఉండవచ్చని చదివాను. అదే నిజమైతే హెచ్‌ఐవీకి వాడే మందులు పనిచేయాలి కదా? వాటిని ఆయనకు ఇప్పించమని వైద్యుడిని అడగవచ్చా? మీ చర్చకు అడ్డువస్తే క్షమించండి.

సమాధానం 4 – నాడీవ్యాధుల పరిశోధకురాలు

మీరు అడ్డురాలేదు. ఈ విషయం మీద ఇంతమంది శ్రమపడుతున్నది మీ అన్నగారి వంటివారి కోసమే. మీ ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, ప్రస్తుతమున్న ఆధారాలతో ఆ మందులను ఏఎల్ఎస్‌కు చికిత్సగా వాడమని ఎవరూ చెప్పలేరు. దయచేసి సొంతంగా మొదలుపెట్టకండి.

ఈ ఆలోచన ఊరికే పుట్టలేదు. హెచ్‌ఐవీ సోకిన కొందరిలో ఏఎల్ఎస్‌ను పోలిన లక్షణాలు కనిపించి, రెట్రోవైరస్ మందులతో మెరుగుపడిన సందర్భాలు నమోదయ్యాయి. ఏఎల్ఎస్ రోగుల రక్తంలో రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ చర్య ఉన్నట్లు కొన్ని పరిశోధనలు చూపించాయి. 2015లో వచ్చిన పరిశోధన మరొక అడుగు వేసింది: హెర్వ్-కె ఎన్వ్ ప్రొటీన్‌ను మనిషి నాడీకణాలలో తయారయ్యేలా చేస్తే అవి దెబ్బతిన్నాయి, ఆ జన్యువును పెట్టిన ఎలుకలలో చలన నాడీకణాలు క్షీణించి కదలికలు మందగించాయి. ఆ తరువాత డొలుటెగ్రావిర్, అబాకవిర్, లామివుడిన్ కలిసిన మందును 40 మంది ఏఎల్ఎస్ రోగులకు 24 వారాలపాటు ఇచ్చి చూశారు. అది ప్రధానంగా భద్రత కోసం చేసిన ప్రయోగం. ఉత్తుత్తి మందు తీసుకొన్న గుంపు అందులో లేదు. మందును రోగులు తట్టుకోగలిగారని తేలిందే గాని, వ్యాధిని ఆపుతుందని దాని వల్ల రుజువు కాలేదు.

ఇందులో మూలమైన మరొక సంగతి ఉంది. ఈ మందులు ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ తయారుకావడాన్నీ, ఆ డీఎన్‌ఏ క్రోమోజోమ్‌లో అతుక్కోవడాన్నీ అడ్డుకొంటాయి. హెర్వ్-కె లక్షల ఏళ్ల కిందటే మన క్రోమోజోమ్‌లలో అతుక్కుపోయి ఉంది. అక్కడి నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారుకావడాన్ని గాని, ఆ ఆర్‌ఎన్‌ఏ నుంచి ఎన్వ్ ప్రొటీన్ రావడాన్ని గాని ఈ మందులు నేరుగా ఆపలేవు. హాని చేస్తున్నది ఎన్వ్ ప్రొటీనే అయితే, వీటి దెబ్బ తగలవలసిన చోట తగలదు. పైగా అబాకవిర్, హెచ్‌ఎల్‌ఏ-బి*57:01 అనే జన్యురూపం ఉన్నవారిలో ప్రాణాంతకమైన ప్రతిచర్యకు దారితీయగలదు. ఆ పరీక్ష చేయకుండా దానిని మొదలుపెట్టరు. మీ అన్నగారికి చికిత్స చేస్తున్న వైద్యుడిని, ఆయన చేరడానికి అర్హత ఉన్న నమోదైన క్లినికల్ ప్రయోగాలేమైనా జరుగుతున్నాయేమో అడగండి. అది అడగదగిన ప్రశ్న.

విద్యార్థినికి ఒక మాట. ఎన్వ్ ప్రొటీన్‌నే గురిపెట్టే మార్గాన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో (రోగనిరోధక వ్యవస్థ నాడీతంతువుల పొరను దెబ్బతీసే వ్యాధిలో) ప్రయత్నించారు. 1989లో ఒక రోగి మెదడు పొరల కణాల నుంచి మొదలైన ఆ అన్వేషణ హెర్వ్-డబ్ల్యూ కుటుంబం దాకా వెళ్లింది. దాని ఎన్వ్ ప్రొటీన్‌ను పట్టుకొనే టెమెలిమాబ్ అనే యాంటీబాడీని 270 మందితో రెండవ దశలో పరీక్షించగా, కొత్త వాపు మచ్చలు తగ్గాలన్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. మెదడు కుంచించుకుపోవడం కొంత నెమ్మదించిన సూచనలు మాత్రం ఉన్నాయని పరిశోధకులు తెలిపారు. స్కిజోఫ్రీనియాలో 2001 నాటి పరిశోధన, వ్యాధి కొత్తగా మొదలైన 35 మందిలో 10 మంది వెన్నుద్రవంలో రెట్రోవైరస్ ఆర్‌ఎన్‌ఏను గుర్తించగా, దీర్ఘకాలంగా వ్యాధి ఉన్న 20 మందిలో ఒక్కరిలోనే అది దొరికింది. ఇటువంటి ఫలితాలలో కారణమేదో, పర్యవసానమేదో విడదీయలేము. వాపు వల్ల ప్రతిలేఖనం పెరగవచ్చు, మందుల వల్ల మారవచ్చు.

అందుకే 2024లో వచ్చిన ఒక పరిశోధన నాకు ఎంతో నచ్చింది. అందులో దాదాపు 800 మెదడు నమూనాలను తీసుకొని, పుట్టుకతో వచ్చే డీఎన్‌ఏ తేడాలు ఏ రెట్రోవైరస్ స్థానపు వ్యక్తీకరణను పెంచుతాయో, తగ్గిస్తాయో ముందుగా కనుగొన్నారు. తరువాత అవే తేడాలు మానసిక వ్యాధుల ముప్పుతో ముడిపడి ఉన్నాయేమో చూశారు. గట్టిగా నిలిచినవి ఐదు స్థానాలు. వారసత్వంగా వచ్చిన తేడా వ్యాధి కంటే ముందే ఉంటుంది కాబట్టి, రోగం వల్లనే వ్యక్తీకరణ మారిందేమోనన్న సందేహం ఇక్కడ చాలావరకు తగ్గుతుంది. అయినా ఆ డీఎన్‌ఏ తేడా పక్కనున్న మరో జన్యువు ద్వారా పనిచేస్తూ ఉండవచ్చు కదా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. స్థానాల వారీగా మళ్లీ లెక్కించాను. నేను చూసిన పెరుగుదలలో అధికభాగం ఒకే ఒక ప్రతి నుంచి వచ్చింది. అది నాడీకణాలకు సంబంధించిన ఒక జన్యువు ఇంట్రాన్‌లో, అదే దిశలో ఉంది. బ్రౌజర్‌లో తెరిచి చూస్తే ఎల్‌టీఆర్‌కు ఎంతో ఎగువ నుంచే రీడ్లు వరుసగా వస్తున్నాయి. ఇన్ని నెలలు నేను రెట్రోవైరస్ అనుకొని కొలిచినది, ఆ జన్యువు స్ప్లైసింగ్‌లో వచ్చిన మార్పునే అన్నమాట. చాలా బాధ కలిగింది. మరొక రెండు ప్రతులు మాత్రం ఎల్‌టీఆర్‌లోనే మొదలవుతున్నట్లు కనిపిస్తున్నాయి, కానీ వాటిలో వ్యాధిగ్రస్తులకూ ఆరోగ్యవంతులకూ తేడా లేదు. ఈ అంశాన్ని ఇంతటితో వదిలివేయడం మంచిదా?

సమాధానం 5 – నాడీవ్యవస్థ వికాసంపై పనిచేసే పరిశోధకురాలు

వదలవద్దు. మీరు తక్కువగా చూస్తున్న ఆ రెండు ప్రతులే నాకు ఆసక్తికరంగా కనిపిస్తున్నాయి. ప్రౌఢ మానవ మెదడులో, వ్యాధి ఉన్నా లేకున్నా, సొంత ఎల్‌టీఆర్ నుంచి ప్రతిలేఖనం జరుగుతోందంటే, దానిని అణచి ఉంచవలసిన యంత్రాంగం అక్కడ సడలి ఉందనో, లేక ఆ ఎల్‌టీఆర్‌ను కణం తన అవసరానికి వాడుకొంటోందనో అర్థం.

ఆ యంత్రాంగం గురించి మనకు కొంత గట్టిగానే తెలుసు. జింక్ ఫింగర్ ప్రొటీన్లు రెట్రోవైరస్ డీఎన్‌ఏను గుర్తుపట్టి ట్రిమ్28 అనే ప్రొటీన్‌ను అక్కడికి రప్పిస్తాయి. అది హిస్టోన్ల (డీఎన్‌ఏ చుట్టుకొని ఉండే ప్రొటీన్ల) మీద అణచివేత గుర్తులు వేయిస్తుంది. మనిషి నాడీ పూర్వగామి కణాలలో (నాడీకణాలుగా ఎదగబోయే కణాలలో) ట్రిమ్28ను తగ్గించినప్పుడు కొన్ని రెట్రోవైరస్ ప్రతులు మేల్కొనడమే కాక, వాటి పొరుగు జన్యువులు కూడా పెరిగాయని 2017లో చూపించారు. 2021లో ఎలుకల మీద చేసిన పని నా ఆలోచనను మార్చింది: మెదడు వికసించే దశలో పూర్వగామి కణాల నుంచి ట్రిమ్28ను తొలగిస్తే, పెద్దయ్యాక కూడా ఆ నాడీకణాలలో రెట్రోవైరస్ వ్యక్తీకరణ కొనసాగి, చుట్టూ వాపు గుర్తులు కనిపించాయి, అదే ప్రొటీన్‌ను పూర్తిగా ఎదిగిన నాడీకణాల నుంచి తొలగిస్తే అవి మేల్కొనలేదు. అంటే తలుపు ఎప్పుడు తెరుచుకొందన్నది, ఎంత తెరుచుకొందన్నదాని కంటే ముఖ్యం కావచ్చు. మరణానంతర కణజాలంలో మనం చూసేది ఆ కథ చివరి పుట మాత్రమే. అదే సంవత్సరం, మనిషి మూలకణాలలో హెచ్‌ఎంఎల్-2ను కావాలని మేల్కొలిపినప్పుడు, ఎన్‌టీఆర్‌కే3 అనే జన్యువు పెరిగి, వల్కల నాడీకణాల వికాసం దెబ్బతిన్నదని మరొక బృందం చూపించింది.

వ్యక్తీకరణ అనగానే హాని అని కూడా అనుకోకండి. 7వ క్రోమోజోమ్ మీదనున్న హెర్వ్-డబ్ల్యూ ఎన్వ్ జన్యువు సిన్‌సిటిన్-1గా మావిలో కణాలను కలిపే పని చేస్తోంది. సాధారణ కణజాలాలను పెద్దఎత్తున సేకరించిన జీటెక్స్ సమాచారంలో, పరీక్షించిన ప్రతి కణజాలంలోనూ ఏవో కొన్ని హెచ్‌ఎంఎల్-2 ప్రతుల ఆర్‌ఎన్‌ఏ కనిపించింది. మీ రెండు ప్రతులు అక్కడ మెదడు భాగాలలో ఎలా ఉన్నాయో చూడండి, వాటి ఎల్‌టీఆర్‌లకు దగ్గరలో ఉన్న జన్యువులు వాటితోపాటే హెచ్చుతగ్గులవుతున్నాయేమో చూడండి.

ఇంట్రాన్‌లో దొరికిన ఆ మొదటి ప్రతిని కూడా దాచిపెట్టకండి. కుటుంబం స్థాయి లెక్కలో పెరుగుదలగా కనిపించి, స్థానం స్థాయిలో స్ప్లైసింగ్ మార్పుగా తేలిన ఉదాహరణను పూర్తి వివరాలతో ప్రచురిస్తే, అదే పొరపాటు చేయబోతున్న మరొక విద్యార్థికి నెలల శ్రమ మిగులుతుంది. రాసేటప్పుడు మాత్రం శీర్షికలో ‘హెర్వ్-కె’ అని వదిలివేయక, ఆ ప్రతి ఏ క్రోమోజోమ్ మీద ఏ పట్టీలో ఉందో, ఏ జన్యువు ఇంట్రాన్‌లో ఉందో శీర్షికలోనే చెప్పండి.